‘డేగ ఎగిరింది’: ఒక అరసెకను తయారీ

సంక్రాంతి మూడు రోజులూ యానాం చుట్టుపక్కల, గౌతమికి ఈ గట్టునా ఆ గట్టునా, నలుగురు మగాళ్ళు చేరిన చోటల్లా ఒకటే తగువు.

“డేగే కొట్టింది బాబాయ్. కళ్ళారా చూశాను.”

“కాదెహె, ముందు లేచింది నెమలి. నువ్వెక్కడ చూస్తున్నావో!”

ఇద్దరూ నిలబడింది పక్కపక్కనే. ఇద్దరి చూపూ నిక్షేపంలా ఉంది. అబద్ధమాడాల్సిన పనీ లేదు, ఆ కోడిపందెంలో ఇద్దరిదీ పైసా లేదు. ఒకే ఎగురు ఇద్దరి బుర్రల్లోకీ రెండు రకాలుగా ఎక్కింది, అంతే.

గోదావరి జిల్లాల పందెపు భాషలో పుంజు పేరంటే దాని రంగే. నల్ల ఈకలదైతే కాకి, తెల్లదైతే సేతు, ఎర్రదైతే డేగ, వీపుమీదో రెక్కలమీదో పసుపు తిరిగితే నెమలి. జాబితా ఇంకా చాలా దూరం పోతుంది గానీ మనకి ఈ నాలుగూ చాలు. పేరు రంగుది, పందెం కదలికది. ‘డేగ ఎగిరింది’ అన్న రెండు మాటల్లో మొదటిది రంగు, రెండోది కదలిక. మెదడు ఈ రెంటినీ చాలావరకు వేర్వేరు చోట్ల తయారుచేసి, ఆ తర్వాత అతికిస్తుంది. అతుకు ఎలా పడుతుందో, ఎక్కడ జారుతుందో వరసగా చూద్దాం. అన్నట్టు, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కోళ్ళను పోట్లాటకు దించడం నేరం. మనం చూడబోయేదానికి కత్తీ బరీ ఏమీ అక్కర్లేదు. పెరట్లో రెండు పుంజులు మెడ ఈకలు రిక్కించి ఒకదానిమీదకొకటి లేచినా కంటికి పని ఒకటే.

కంటి వెనక పొర

డేగ వీపుమీద పడిన ఎండలో పొట్టి తరంగాలను ఈకలు మింగేస్తాయి, పొడవు తరంగాలను వెనక్కి కొడతాయి. ఆ వెలుగు కంటిపాపలోంచి దూరి వెనకనున్న రెటీనా మీద పడుతుంది. రెటీనాలో కాంతిని పట్టే కణాలు 12 కోట్లకు పైగా ఉంటాయి. అందులో అధిక భాగం దండ కణాలే, అవి మసక వెలుతురులో పనిచేస్తాయి. పట్టపగలు పనిచేసే శంకు కణాలు 60 లక్షల దాకా ఉంటాయి. వాటిలో మూడు రకాలు. ఒక రకం 560 నానోమీటర్ల దగ్గర, ఇంకోటి 530 దగ్గర, మూడోది 420 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. మొదటిదాన్ని ‘ఎరుపు శంకువు’ అనడం అలవాటైపోయింది గానీ 560 దగ్గర ఉన్న రంగు ఎరుపు కాదు, పసుపు కలిసిన పచ్చ.

ఇక్కడ ఒక చిక్కుంది. ఏ శంకువుకీ ఒంటరిగా రంగు తెలియదు. తనమీద ఎంత వెలుగు పడిందన్నదొక్కటే అది చెప్పగలదు. ముదురు ఎరుపు ఎక్కువగా పడినా, పచ్చ కొంచెంగా పడినా దాని జవాబు ఒకటే కావచ్చు. అదే చోట ఉన్న రెండో రకం శంకువు ఏమందో విని, రెండు జవాబుల్ని పోలిస్తేనే రంగు తేలుతుంది. కదలిక సంగతీ ఇంతే. ఒక్క కణం ‘పుంజు పైకి లేచింది’ అని చెప్పలేదు. కింది కణం మీద వెలుగు ఇందాక మారింది, పై కణం మీద ఇప్పుడు మారింది అని పోల్చాలి. కాబట్టి రంగంటే ఒకే క్షణంలో రెండు రకాల కణాల మధ్య పోలిక, కదలికంటే రెండు క్షణాల్లో రెండు చోట్ల మధ్య పోలిక. రంగుకి ఒక్క క్షణం చాలు, కదలికకి రెండు కావాలి. ఈ తేడా ముందు ముందు మనకి అక్కరకొస్తుంది.

చిన్నప్పుడు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో చదువుకున్న సి.వి. రామన్ గారు చివరి రోజుల్లో పువ్వుల రంగులూ కంటి పనితీరూ పట్టుకుని కూర్చున్నారు. మూడు శంకువుల సిద్ధాంతం ఆయనకి ఎంతమాత్రం నచ్చలేదు. 1968లో ఏకంగా ‘ది ఫిజియాలజీ ఆఫ్ విజన్’ అనే పుస్తకమే రాశారు. ఈ ఒక్క విషయంలో ఆయన మాట నిలవలేదు. 1986లో జెరెమీ నేథన్స్ బృందం శంకువుల్లోని వర్ణకాల జన్యువులను వేరుచేసి చూపించింది. అయినా ఎనభైకి చేరువైన వయసులో, నోబెల్ పక్కనపెట్టి, పువ్వు ముందు కూర్చుని మొదటినుంచి ఆలోచించిన ఆ మొండితనం నాకు ముచ్చటగానే ఉంటుంది.

విడిపోయే చోటు

12 కోట్ల కణాలు చెప్పిందంతా మెదడుకి మోసే దృశ్యనాడిలో తీగలు 10 లక్షల పైచిలుకే. అంటే ఉన్నదున్నట్టు పంపడం కుదరదు. ఏది పంపాలో రెటీనాయే ఎంచుకుంటుంది. వేరుపడటం కూడా అక్కడే మొదలవుతుంది.

నాడిలోకి తీగలు పంపే కణాల్లో ఎక్కువ శాతం చిన్నవి. ఇవి కంటి నడిమధ్య భాగంలో ఒక్కో శంకువునీ దాని ఇరుగుపొరుగుతో పోలుస్తాయి. ఎరుపు-పచ్చ తేడా, సన్నని వివరం వీటి సొత్తు. నిదానస్తులు. ఇంకో రకం పెద్ద కణాలు పదింట ఒక వంతు మాత్రమే ఉంటాయి. చాలా శంకువుల జవాబుల్ని కలిపి కూడేస్తాయి. ఎరుపా పచ్చా అన్నది ఆ కూడికలో కొట్టుకుపోతుంది. వెలుగు పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం చప్పున పసిగడతాయి. నీలం-పసుపు తేడాని మోసే మూడో దారి కూడా ఒకటుంది, దాన్ని ఇక్కడ వదిలేద్దాం.

దారిలో ఒక మలుపు. రెండు కళ్ళలోంచీ వచ్చిన నాడులు సగం సగం అడ్డం దాటుకుంటాయి. దాంతో మనం చూస్తున్న చోటుకి ఎడమ పక్కనున్న పుంజు కుడి మెదడుకీ, కుడి పక్కది ఎడమ మెదడుకీ వెళతాయి. అక్కణ్ణుంచి మెదడు నడుమనున్న థాలమస్‌లో ఆరు పొరల ముద్ద ఒకటి వస్తుంది. కింది రెండు పొరలు పెద్ద కణాలవి, పై నాలుగూ చిన్న కణాలవి. రెటీనాలో వేరుపడ్డ దారులు ఇక్కడ కూడా కలవవు.

కదలికని లెక్కకట్టే భాగాలకి మేత ఎక్కువగా అందేది ఆ పెద్ద కణాల దారినుంచే. ఆ దారికేమో రంగు పట్టదు. అంటే, వెలుగులో సరిసమానంగా ఉన్న ఎరుపూ పచ్చా పక్కపక్కన పెట్టి కదిపితే ఆ కదలికని పెద్ద కణాలు దాదాపు గుర్తించకూడదు. నిజంగా అలాగే జరుగుతుందా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ల్యాప్‌టాప్ మీద

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న ఇంటర్ కుర్రాణ్ణి ఎవర్నైనా పట్టుకుంటే సాయంత్రానికల్లా రాసిపెడతాడు. తెర వెలుతురు తనంతట తాను మారే సెట్టింగులు, రాత్రి పూట పసుపు పులిమే సెట్టింగు ముందు ఆపేయండి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్ళు మాత్రం ఈ భాగం జోలికి పోవద్దు. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపూ నీలమూ సెకనుకు పన్నెండు సార్ల చొప్పున మిణుకుమంటే వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. మిగతావాళ్ళు కూడా చతురస్రాన్ని అరచేతిలో ఇమిడేంత చిన్నదిగానే పెట్టుకోవాలి.

మొదటి పని, మీ కంటికి ఏ ఎరుపు ఏ పచ్చతో సమానమో కనుక్కోవడం. మామూలు తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. చతురస్రం రెండు మార్పులపాటు ఎరుపు, రెండు మార్పులపాటు పచ్చ ఉండేట్టు రాయించండి. సెకనుకు పదిహేను ఆవృత్తాలు అవుతాయి. ఎరుపుని పూర్తిగా 255 దగ్గర కదలకుండా ఉంచి, పచ్చని కూడా 255 నుంచి మొదలుపెట్టండి. చతురస్రం భరించలేనంతగా మిణుకుతుంది. ఇక పచ్చని పదేసి చొప్పున దించుకుంటూ రండి. 200 దగ్గర మిణుకు కాస్త మెత్తబడుతుంది. 150 చుట్టుపక్కల ఒక్కసారిగా సద్దుమణిగి, ఎరుపూ పచ్చా కాని ఒక మురికి పసుపు కనిపిస్తుంది. ఇంకా దించితే మళ్ళీ మొదలవుతుంది. మిణుకు అన్నిటికన్నా తక్కువున్న ఆ అంకె మీది. పక్కవాళ్ళది వేరే కావచ్చు. పొడవు తరంగాల శంకువు లేని రంగుగుడ్డి ఉన్న మగవాళ్ళకి ఎరుపే మసగ్గా ఉంటుంది కాబట్టి వాళ్ళ అంకె ఇంకా బాగా కిందకి పోతుంది.

ఇక్కడ జరిగిందేమిటంటే, అంత వేగంగా మారే రంగుని చిన్న కణాల దారి వెంబడించలేక రెంటినీ కలిపేసింది. పెద్ద కణాల దారి వెంబడించగలదు గానీ దానికి వెలుగు తేడాయే కావాలి. ఆ తేడా సున్నా అయిన చోట దానికీ చెప్పడానికేమీ మిగల్లేదు.

రెండో పని. అదే ఎరుపు, మీ అంకె పచ్చ తీసుకుని వేలెడు వెడల్పు చారలు నిలువుగా వేయించండి. మధ్యలో ఒక నల్ల చుక్క. చారలు సెకనుకు ఒక వేలి మేర కుడికి జరగాలి. కింద అదే కొలతతో, అదే వేగంతో నలుపు-తెలుపు చారలు. చుక్క మీదనుంచి చూపు కదల్చకుండా రెంటినీ పోల్చండి. కన్ను చారల వెంట పరిగెత్తితే ప్రయోగం చెడుతుంది, చుక్క పెట్టింది అందుకే. నలుపు-తెలుపు చారలు చక్కగా నడుస్తుంటాయి. ఎరుపు-పచ్చ చారలు మాత్రం ఈడ్చుకుంటూ పోతాయి. కొన్ని క్షణాలు ఆగిపోయినట్టే ఉండి, అంతలో చూస్తే ఇంకెక్కడో ఉంటాయి. చార ఎక్కడుందో తెలుస్తూనే ఉంటుంది, నడక మాత్రం కనిపించదు.

పాట్రిక్ కావనా, క్రిస్టఫర్ టైలర్, ఓల్గా ఫావ్రో 1984లో దీన్నే కొలిచి, రంగు చారలు అసలు వేగం కన్నా బాగా నెమ్మదిగా కనిపిస్తాయని రాశారు. అంతకు ఆరేళ్ళ ముందు, 1978లో, తమిళనాడులో పుట్టి మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్, రిచర్డ్ గ్రెగరీతో కలిసి, చారలకు బదులు ఎరుపు-పచ్చ చుక్కల గందరగోళంతో ఇదే పని చేశారు. వెలుగు సమానమైన చోట కదలిక దాదాపు మాయమైంది. రంగుకి సొంత కాళ్ళు బలహీనం. వెలుగు-నీడల అంచు నడుస్తుంటే దాని భుజమెక్కి పోతుంది.

క్రికెట్ వాళ్ళు ఈ సంగతిని డబ్బు ఖర్చుపెట్టి నేర్చుకున్నారు. ఎర్ర బంతి పగలు పచ్చిక మీద బాగానే కనిపిస్తుంది. పొద్దు వాలుతున్నకొద్దీ కన్ను శంకువుల నుంచి దండాల వైపు జరుగుతుంది, దండాలకి ఎరుపు దాదాపు నలుపే. ఫ్లడ్‌లైట్ల కింద ముదురు ఎరుపు బంతి పిచ్ గోధుమరంగులోనో పచ్చికలోనో కలిసిపోయే ప్రమాదం. అందుకే రాత్రి టెస్టుకి గులాబీ బంతి తెచ్చారు. 2015 నవంబరులో అడిలైడ్‌లో మొదటిసారి, 2019 నవంబరులో కోల్‌కతాలో మనవాళ్ళు మొదటిసారి దాంతో ఆడారు. యానాం గోదావరి గట్టున సాయంకాలం కుర్రాళ్ళు టెన్నిస్ బంతితో ఆడుతుంటే చూడండి, మసక పడేవేళ క్యాచ్‌లు ఎందుకు జారతాయో తెలుస్తుంది.

తల వెనక

థాలమస్ నుంచి తీగలు తల వెనక భాగానికి, వి-1 అనే ప్రాంతానికి చేరతాయి. డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ ఇక్కడి కణాలను ఒక్కొక్కటిగా విని 1981లో నోబెల్ అందుకున్నారు. ఫలానా వంపున్న గీత కనిపిస్తేనే, కొన్నయితే అది ఫలానా దిక్కుకి కదిలితేనే పలికే కణాలవి. దిక్కు ఎలా పసిగడతాయన్నదానికి పునాది ఆలోచన 1956లో జర్మనీలో ఒక పెంకు పురుగు మీద పనిచేసిన హాసెన్‌స్టైన్, రైకార్ట్‌లది. పక్కపక్క రెండు చోట్ల నుంచి వచ్చిన సంకేతాల్లో ఒకదాన్ని రవ్వంత ఆలస్యం చేసి రెండోదాంతో గుణిస్తే సరి, ఒక దిక్కుకి కదిలినప్పుడే రెండూ ఒకేసారి కలుస్తాయి.

అక్కణ్ణుంచి పని పంచుకుపోతుంది. 1970ల మొదట్లో లండన్‌లో సెమీర్ జెకీ కోతి మెదళ్ళలో రెండు ప్రాంతాల్ని వేరుగా గుర్తించాడు. వి-5లో కణాలు దాదాపు అన్నీ దిక్కు చూసి పలుకుతాయి, రంగేమిటన్నది పట్టించుకోవు. వి-4లో చాలా కణాలు రంగు చూసి పలుకుతాయి. 1980ల చివర్లో మార్గరెట్ లివింగ్‌స్టన్, హ్యూబెల్ ఈ విభజనని మరీ గట్టిగా గీత గీసి చెప్పారు. తర్వాత జరిగిన పరిశోధన ఆ గీతని కాస్త చెరిపింది. సమాన వెలుగు చారలకి కూడా వి-5 కణాలు కొంచెం పలుకుతాయి. మన తెరమీద చారలు పూర్తిగా ఆగకుండా ఈడ్చుకుపోయింది అందుకే. అయినా పెద్ద బొమ్మ నిలిచే ఉంది.

దీనికి సాక్ష్యం మనుషుల దగ్గరే ఉంది. 1983లో మ్యూనిక్‌లో జోసెఫ్ జీల్, సహచరులు ఒక స్త్రీ గురించి రాశారు. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టి రెండు పక్కలా కదలిక చూసే భాగాలు దెబ్బతిన్నాయి. రంగులు బాగానే గుర్తుపట్టేది, చదివేది. కప్పులో టీ పోస్తుంటే మాత్రం ధార గడ్డకట్టినట్టు నిలబడి కనిపించేది. ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు దాటబోతే దూరాన ఉన్న కారు, మరుక్షణం మీదకొచ్చేసి ఉండేది. దీనికి సరిగ్గా తిరగబడ్డ కేసుని 1888లోనే స్విట్జర్లాండ్ వైద్యుడు లూయీ వెర్రే వర్ణించాడు. ఆ రోగికి మెదడుపోటు తర్వాత చూపులో ఒక సగంలో రంగు పోయి అంతా బూడిదైంది. మొదటి మనిషి బరి దగ్గర నిలబడితే డేగ ఉంటుంది గానీ ఎగరదు. రెండో మనిషికి ఆ సగంలో ఏదో ఎగురుతుంది గానీ అది డేగో నెమలో తెలియదు.

ఎవరు ముందు చేరారు

మెదడులో కదలిక వేగంగా చేరుతుంది. మత్తిచ్చిన కోతుల్లో 1998లో కొలిస్తే, తెరమీద వెలుగు పడ్డాక వి-5లో మొదటి పలుకు 70 మిల్లీసెకన్లు దాటగానే వచ్చింది, వి-4లో 100 దాటాక. అంటే రంగు వెనకబడాలి కదా? మనిషి అనుభవం దీన్ని తలకిందులు చేస్తుంది. 1997లో మూటూసిస్, జెకీ ఒక తెరమీద చదరాల్ని పైకీ కిందకీ ఆడిస్తూ, వాటి రంగుని ఎరుపు పచ్చ ఎరుపు పచ్చగా మారుస్తూ, ‘పైకి పోతున్నప్పుడు ఏ రంగు?’ అని అడిగారు. దిశా రంగూ కచ్చితంగా ఒకేసారి మారితే జనం తడబడ్డారు. దిశని రంగుకన్నా 70, 80 మిల్లీసెకన్లు ముందుగా మారిస్తే అప్పుడు రెండూ కలిసి మారాయన్నారు. మనసుకి రంగే ముందు అందుతోందన్నది జెకీ వాదన.

2002లో వంతెన రాకముందు యానాం నుంచి ఎదుర్లంకకి గోదావరి దాటాలంటే పంటే గతి. ముందు రేవు చేరినవాడు ముందు అవతల దిగుతాడని లేదు, పంటు నిండేదాకా ఆగాల్సిందే. కదలిక సంగతీ అదేనని జెకీ వాదనను ఎదిరించినవాళ్ళంటారు. జపాన్‌కి చెందిన షిన్యా నిషిదా, లండన్‌లో అలన్ జాన్‌స్టన్ 2002లో దీన్ని గట్టిగా పట్టుకున్నారు. రంగు మారిందని తెలియడానికి ముందొక క్షణం, తర్వాతొక క్షణం చాలు. దిశ మారిందని తెలియాలంటే ముందు ఒక దిశ తేలాలి, తర్వాత ఇంకో దిశ తేలాలి. దిశ ఒక్కటి తేలడానికే రెండు క్షణాలు కావాలని ఇందాక చూశాం, మలుపుకి కనీసం మూడు. కాబట్టి ఆలస్యం తీగల్లో లేదు, ప్రశ్నలోనే ఉంది. రంగు మార్పుని మలుపుతో కాకుండా చోటు మార్పుతో పోల్చమంటే ఆ 80 మిల్లీసెకన్ల తేడా మాయమవుతుందని వాళ్ళు చూపారు. ఈ తగువు ఇంకా ముగియలేదు గానీ, నా ఓటు మాత్రం వీళ్ళకే. తీగల పొడవుతో మనసు గడియారాన్ని లెక్కగట్టడం నాకు మొదటినుంచీ మింగుడుపడదు.

పుంజుల దగ్గర ఇది ఎలా దెబ్బకొడుతుందో చూడండి. రెండూ లేచి గాల్లో తలపడి చోట్లు మార్చుకునేది అరసెకనులోపే. జానెడు చోటులో ఈ క్షణం డేగ పైకి పోతుంది, మరుక్షణం అక్కడే నెమలి కిందకి దిగుతుంది. అంటే ఒకే చోట రంగూ దిశా రెండూ దాదాపు ఒకేసారి తిరగబడ్డాయి. మూటూసిస్, జెకీ తెరమీద పెట్టిన చిక్కు ఇదే. పైకి పోయిన ఎగురు దిగుతున్న పసుపుకి అంటుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం ఏం కావాలి?

అతుకు

ఇప్పుడు వి-4 దగ్గర ‘ఎరుపు, పసుపు’ ఉన్నాయి, వి-5 దగ్గర ‘పైకి, కిందకి’ ఉన్నాయి. ఎరుపుని పైకితోనే కలపాలని ఎవరు చెబుతారు?

ఆన్ ట్రీస్‌మన్ 1980లో ఇచ్చిన జవాబు: చోటు. రంగు పటంలో ఎరుపు ఎక్కడుందో, కదలిక పటంలో ‘పైకి’ అక్కడే ఉంటే రెండూ ఒక వస్తువువి. అయితే ఆ చోటుమీద ధ్యాస పెడితేనే అతుకు పడుతుంది. ధ్యాస చాలనప్పుడు జనం ఎర్ర ఎక్స్, పచ్చ టి చూసి పచ్చ ఎక్స్ చూశామని నమ్మకంగా చెబుతారని ఆవిడ 1982లో చూపారు. మెదడు పైభాగం రెండు పక్కలా దెబ్బతిన్న ఒక రోగి గురించి 1995లో ఆవిడ బృందం రాసింది. ఎదురుగా రెండంటే రెండు రంగు అక్షరాలు సెకన్ల తరబడి ఉంచినా, అతను ఒకదాని రంగుని ఇంకోదానికి అంటగట్టేవాడు. అతనికి రంగులు తెలుసు, అక్షరాలు తెలుసు, చోటు పటం చెరిగిపోయింది. కణాలు సెకనుకు 40 సార్లు ఒకే లయలో పలకడమే జిగురని 1989లో జర్మనీ నుంచి ఇంకో వాదం వచ్చింది. పదేళ్ళపాటు ఊపేసింది, నాకు మాత్రం సాక్ష్యం ఎప్పుడూ సరిపోయినట్టు అనిపించలేదు.

ధ్యాస పెట్టిన చోట అతుకు బాగుంటే, పెట్టని చోట ఏమవుతుంది? 2004లో వూ, కనాయి, షిమోజో చూపించింది చూశాక ఎవరి కళ్ళని వాళ్ళు నమ్మడం కష్టం. తెర మధ్యలో ఎర్ర చుక్కలు పైకి, పచ్చ చుక్కలు కిందకి పోతుంటాయి. తెర అంచుల్లో సరిగ్గా తిరగేసి ఎర్రవి కిందకి, పచ్చవి పైకి. మధ్యలోనే చూస్తూ ఉంటే అంచుల్లోవి కూడా మధ్యలోవాటిలాగే నడుస్తున్నట్టు కనిపిస్తాయి. ఇది క్షణకాలపు తడబాటు కాదు, చూస్తున్నంతసేపూ ఉంటుంది. కంటి అంచుల్లో రంగూ ఉంది, కదలికా ఉంది, జత మాత్రం మధ్యలోంచి అరువు. డేగమీద డబ్బు పెట్టినవాడు కన్ను దానిమీదే పెట్టి నిలబడతాడు. అవతలి పుంజు ఏం చేసిందన్నదాంట్లో చాలా భాగం డేగ చేసిందాన్నుంచి అతని మెదడు ఊహించుకున్నదే.

అతుకు వెనక్కి కూడా పాకుతుంది. యానాంలో మీసాల వెంకన్న స్వామి కల్యాణోత్సవాలకి వీధుల్లో కట్టే సీరియల్ బల్బుల్లో ఎరుపు ఆరి పక్కది పచ్చగా వెలిగితే వెలుగు పరిగెత్తినట్టుంటుంది. నిజానికి ఏదీ పరిగెత్తలేదు. కోలర్స్, ఫోన్ గ్రూనావ్ 1976లో రెండే చుక్కలతో ఇది చేశారు. ఎర్ర చుక్క కాసేపు వెలిగి ఆరుతుంది, కాస్త ఆగి పక్కన పచ్చ చుక్క వెలుగుతుంది. చూసేవాళ్ళకి ఒకటే చుక్క జరుగుతూ సగం దారిలో ఠక్కున పచ్చబడుతుంది. రెండో చుక్క వెలగకముందే దాని రంగు దారిమధ్యలో ఎలా కనిపించింది? కనిపించలేదు. పచ్చ వచ్చాక మెదడు ఖాళీని వెనక్కి వెళ్ళి పూడ్చి, మనకి వరస కలిపి అందించింది.

చివరి తెర

ల్యాప్‌టాప్ దగ్గరికి మళ్ళీ వెళదాం. ఎరుపు-పచ్చ చారల మధ్య ఒక్కో సరిహద్దునా గుండుసూది మందాన నల్ల గీత చేర్పించండి. వేగం అదే, రంగులు అవే. చారలన్నీ ఒక్కసారిగా నలుపు-తెలుపు వాటితో సమానంగా నడుస్తాయి. గీతని చూస్తున్న పెద్ద కణాల దారి కదలిక చెబుతుంది, చోటు ఒకటే కాబట్టి రంగు దాని వెంట పోతుంది.

ఇంకో అడుగు వేయాలంటే రామచంద్రన్ 1987లో చేసింది చేయాలి. మీ అంకె పచ్చతో తెర నింపి, మధ్యలో సమాన వెలుగున్న ఎర్ర చతురస్రం పెట్టండి. అది కదలదు. దానిమీదా చుట్టూ సన్నని నల్ల చుక్కలు చల్లి, చుక్కల్ని మాత్రం కుడికి నడిపించండి. చూపు చతురస్రానికి కాస్త పక్కగా నిలపండి. కాసేపటికి చతురస్రం అంచు చుక్కలతోపాటు కుడికి జారుతున్నట్టు కనిపిస్తుంది. చుక్కలు ఆపితే ఎరుపూ ఆగుతుంది. ఇక పచ్చని 50 పెంచి, వెలుగు తేడా తెచ్చి, చుక్కల్ని మళ్ళీ వదలండి. ఈసారి చతురస్రం చాలావరకు నిలబడే ఉంటుంది, చుక్కలే దానిమీదుగా దాటిపోతాయి.